మబ్బుల్లో దారి ఎలా తెలుస్తుంది?

మీ ఊరి మీదుగా విమానం పోతుంటే తల ఎత్తి చూడనివారు మీలో ఎవరైనా ఉన్నారా? ఉండరు. చూస్తుండగానే అది ఒక మబ్బులో దూరుతుంది. కాసేపటికి అవతలి వైపు నుంచి బయటపడుతుంది. ఆ కాసేపూ లోపల విమానం నడిపేవారికి ఏం కనిపిస్తుందో ఎప్పుడైనా ఆలోచించారా?

ఏమీ కనిపించదు. కిటికీకి తెల్లని దుప్పటి కప్పినట్లు ఉంటుంది. నేల లేదు, ఆకాశం లేదు. అప్పుడు దారి ఎలా తెలుస్తుంది? దారి సంగతి తర్వాత చూద్దాం. అసలు విమానం సమంగా పోతున్నదో, ఒక పక్కకు ఒరిగిపోతున్నదో ఎలా తెలుస్తుంది?

"అదేమిటి! ఒరిగితే ఒరిగినట్లు మన ఒంటికి తెలియదా?" అని మీరు అడగవచ్చు. తెలియదు. అంతేకాదు, మన ఒళ్లు మనకు అబద్ధం కూడా చెబుతుంది. ఆ అబద్ధాన్ని నమ్మకుండా ఉండడం నేర్పే చదువు ఒకటి ఉంది. పరికరాల ఆధారంగా విమానం నడపడం అనే ఆ చదువు గురించే ఈ వ్యాసం.

కడప మీద ఒక ఉదయం

కాసేపు మీరే విమాన విద్యార్థి అనుకోండి. మీ శిక్షణ కడపలో జరుగుతున్నదనుకోండి. కడపే ఎందుకంటారా? కడపలో ప్రయాణికుల విమానాశ్రయం 2015 జూన్ 7న ప్రారంభమైంది. 2022లో విమాన శిక్షణ సంస్థలకు చోటు ఇవ్వడానికి దేశంలో 5 విమానాశ్రయాలను ఎంపిక చేశారు. అవి భావ్‌నగర్, హుబ్బళ్లి, కిషన్‌గఢ్, సేలం, కడప. రాయలసీమలో వానలు తక్కువ. ఆకాశం తేటగా ఉండే రోజులు ఎక్కువ. ఆకాశంలో విమానాల రద్దీ కూడా పెద్ద నగరాలలో ఉన్నంత ఉండదు. కొత్తగా నేర్చుకునేవారికి ఇవన్నీ అనుకూలాలే.

తెల్లవారగానే బయలుదేరతారు. ఎండ ముదిరితే సీమ నేల పెనంలా కాలుతుంది. వేడెక్కిన గాలి పైకి లేస్తూ చిన్న విమానాన్ని గతుకుల బాటలో బండిలాగా కుదిపేస్తుంది. అందుకే ఉదయపు వేళ మేలు.

విమానం పైకి లేచింది. దక్షిణాన పాలకొండలు, ఉత్తరాన పెన్నానది ఇసుక, ఇంకా పైన నల్లమల కొండల నీలి అంచు. అన్నిటినీ మించి, నేలా ఆకాశమూ కలిసే గీత స్పష్టంగా కనిపిస్తున్నది. దాన్నే దిగంతం అంటాం. విమానం ముక్కు ఆ గీతకు పైన ఉంటే ఎక్కుతున్నామని, కింద ఉంటే దిగుతున్నామని అర్థం. గీత ఏటవాలుగా కనిపిస్తే విమానం ఒరిగిందని అర్థం. విద్యార్థి మొదటి నెలలన్నీ ఈ గీతను చూసి నడపడంలోనే గడుస్తాయి.

మరి ఆ గీత మాయమైతే?

178 సెకండ్లు

1954లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఒక ప్రయోగం చేశారు. తేట ఆకాశంలో విమానం నడపడం వచ్చి, మబ్బులో నడపడం రాని 20 మందిని ఎంచుకున్నారు. పక్కన అనుభవజ్ఞుడైన గురువు ఉండగా, వారికి బయటి దృశ్యం కనబడకుండా చేశారు. మబ్బులోకి పోయినట్లే అన్నమాట. విమానం ఎంతసేపు వారి అదుపులో ఉంటుందో లెక్కపెట్టారు.

20 మందిలో ఒక్కరు కూడా నిలవలేదు. ఒకరు 20 సెకండ్లలోనే అదుపు తప్పారు. అందరికన్నా ఎక్కువసేపు నిలిచినవారు కూడా 8 నిమిషాలు దాటలేదు. సగటు 178 సెకండ్లు. అంటే 3 నిమిషాలకు 2 సెకండ్లు తక్కువ! పక్కన గురువు ఉన్నాడు కాబట్టి సరిపోయింది. నిజమైన మబ్బులో ఒంటరిగా ఉంటే ఆ 178 సెకండ్ల తర్వాత ఏమయ్యేదో వేరే చెప్పనక్కరలేదు.

వాళ్లు తెలివితక్కువవారు కాదు. విమానం నడపడం వచ్చినవారే. తప్పంతా వారి చెవులది!

చెవిలో నీటి గొట్టాలు

చెవి వినడానికే అని మనం అనుకుంటాం. దానికి మరో పని కూడా ఉంది. లోపలి చెవిలో 3 అర్ధవర్తుల కుల్యలు ఉన్నాయి. కుల్య అంటే కాలువ. ఇవి సగం గాజు ఆకారంలో వంగిన సన్నని గొట్టాలు. మూడూ మూడు దిశల్లో అమరి ఉంటాయి. వాటినిండా ద్రవం ఉంటుంది. తల తిప్పితే గొట్టం తిరుగుతుంది గాని లోపలి ద్రవం వెంటనే కదలదు, వెనకబడుతుంది. ఆ వెనకబాటు వల్ల అక్కడి సన్నని నూగు వంగుతుంది. "తల తిరుగుతున్నది" అని మెదడుకు కబురు పోతుంది.

ఈ ఏర్పాటులో లోపం ఎక్కడుందో మీరే చూడవచ్చు. ఒక వెడల్పాటి గిన్నెలో నీళ్లు పోయండి. నీటిపైన వేరుసెనగ గింజల మీది ఎర్రని పొట్టు కొద్దిగా చల్లండి. గిన్నెను నున్నని నేలమీద గుండ్రంగా తిప్పడం మొదలుపెట్టండి. గిన్నె తిరుగుతున్నా పొట్టు ఉన్నచోటనే ఉంటుంది. ఒకే వేగంతో కొంచెంసేపు తిప్పుతూ ఉండండి. మెల్లగా నీరు కూడా గిన్నెతో పాటు తిరగసాగుతుంది. ఇప్పుడు గిన్నెను చటుక్కున ఆపండి. గిన్నె ఆగింది గాని పొట్టు ఇంకా తిరుగుతూనే ఉంది!

మన చెవిలో జరిగేదీ ఇదే. ఒకే వేగంతో సుమారు 20 సెకండ్లు తిరిగామంటే, చెవిలోని ద్రవం గొట్టంతో సమానంగా తిరుగుతుంది. నూగు నిటారుగా నిలబడుతుంది. "తిరగడం ఆగిపోయింది" అని మెదడు అనుకుంటుంది. నిజంగా ఆగినప్పుడు ద్రవం ముందుకు సాగిపోతుంది. "ఇప్పుడు ఎదురు దిక్కుకు తిరుగుతున్నాం" అని మెదడు అనుకుంటుంది. తిరునాళ్లలో రంగులరాట్నం దిగాక నేల తిరిగినట్లు అనిపించేది ఇందుకే. ఇంకో సంగతి. తిరగడం మరీ మెల్లగా మొదలైతే నూగు వంగనే వంగదు. మెదడుకు కబురే అందదు.

నేలమీద ఈ లోపం మనకు ప్రమాదం కాదు. కళ్లు తెరిస్తే చాలు, చెవి పొరపాటును కన్ను దిద్దుతుంది. మబ్బులో ఆ దిద్దే కన్ను ఉండదు. అప్పుడు ఏం జరుగుతుందో వరుసగా చూడండి.

విమానం మెల్లగా ఎడమకు ఒరుగుతుంది. మీకు తెలియదు. ఒరిగిన విమానం ఎడమకు తిరగడం మొదలుపెడుతుంది. కాసేపటికి చెవి సర్దుకుంటుంది. నిటారుగా పోతున్నట్లే ఉంటుంది. ఒరిగిన విమానం ముక్కు కిందికి వాలుతుంది, వేగం పెరుగుతుంది, ఎత్తు తగ్గుతుంది. అది చూసి మీరు కంగారుగా చోదక దండాన్ని వెనక్కి లాగుతారు. కాని విమానం ఒరిగి ఉంది కదా! లాగినకొద్దీ తిరుగుడు ఇంకా బిగుస్తుంది. పోనీ ఎవరో చెబితే విమానాన్ని సమం చేశారనుకోండి. చెవి మళ్లీ అబద్ధం చెబుతుంది. "కుడికి ఒరిగిపోతున్నావు!" అంటుంది. దాన్ని నమ్మి మీరు మళ్లీ ఎడమకు ఒరుగుతారు. నీటి సుడిలో ఆకు తిరిగినట్లు విమానం తిరుగుతూ దిగిపోతుంది.

మన భాషలో దిగ్భ్రమ అనే మాట ఉంది. దిక్కుల విషయంలో భ్రమ పడడం అని దాని అర్థం. విమానికులకు వచ్చే ఈ ఆపదకు అంతకన్నా చక్కని పేరు దొరకదు.

కుర్చీ నేర్పిన పాఠం

ఈ సంగతి మొదట్లో పైలట్లే నమ్మలేదు. "మంచి పైలట్‌కు ఒంటితోనే అన్నీ తెలుస్తాయి" అని గొప్పలు చెప్పుకునేవారు. 1926లో అమెరికా సైన్యంలో విలియం ఆకర్ అనే పైలట్ ఉండేవాడు. చాలా అనుభవం ఉన్నవాడు. డేవిడ్ మయర్స్ అనే వైద్యుడు ఆయనను గిరగిర తిరిగే కుర్చీలో కూర్చోబెట్టి, కళ్లు మూయించి తిప్పాడు. ఎటు తిరుగుతున్నావో చెప్పమన్నాడు. ఆకర్ తప్పు చెప్పాడు. ఆగినప్పుడు తిరుగుతున్నానన్నాడు.

మరొకరైతే సిగ్గుపడి ఊరుకునేవారు. ఆకర్ ఆలోచనలో పడ్డాడు. తిరుగుడును చూపే పరికరాన్ని, దిక్సూచిని, చిన్న దీపాన్ని ఒక పెట్టెలో అమర్చాడు. ఆ పెట్టెలోకి చూస్తూ మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు. ఈసారి ఒక్క తప్పు కూడా చెప్పలేదు. ఒంటికి తెలియనిది ముల్లుకు తెలిసింది.

మూడేళ్ల తర్వాత, 1929 సెప్టెంబరు 24న, న్యూయార్క్ దగ్గరి మిచెల్ ఫీల్డ్‌లో జేమ్స్ డూలిటిల్ ఇంకా పెద్ద సాహసం చేశాడు. విమానంలో తన సీటును పూర్తిగా మూసేశారు. కేవలం పరికరాలను చూస్తూ పైకి లేచాడు, ఒక చుట్టు తిరిగాడు, తిరిగి అదే మైదానంలో దిగాడు. మొత్తం సుమారు 15 నిమిషాలు. ముందు సీటులో మరో పైలట్ జాగ్రత్త కోసం కూర్చున్నాడు గాని, ఆయన చేయి వేయవలసిన అవసరం రాలేదు. బయటికి చూడకుండా ఎగిరి దిగడం సాధ్యమేనని ఆ రోజున రుజువైంది.

బొంగరం, గాలి బరువు

ఇంతకూ ఆ పరికరాలు మబ్బులో నిజం ఎలా చెబుతాయి? వాటిలో ఉన్న శాస్త్రం మీకు కొత్తదేమీ కాదు.

మొదటిది బొంగరం. జోరుగా తిరిగే బొంగరం ఎందుకు పడిపోదు? తిరిగే వస్తువు తన ఇరుసు దిశను అంత తేలికగా మార్చుకోదు. తిరిగే చక్రాన్ని అన్ని వైపులా స్వేచ్ఛగా కదిలే చట్రంలో బిగిస్తే, చట్రం ఎటు వంగినా లోపలి చక్రం తన దిశను వదలదు. దీన్నే జైరోస్కోప్ అంటారు. 1852లో ఈ పేరు పెట్టినవాడు ఫ్రాన్సు దేశపు ఫూకో. విమానంలో దీన్ని అమర్చి, దాని ముందు పైన నీలం, కింద గోధుమ రంగు వేసి మధ్యన గీత గీశారు. విమానం ఒరిగినా ఆ గీత బయటి దిగంతంతో సమానంగానే ఉంటుంది. అదే కృత్రిమ దిగంతం. మబ్బు దాచేసిన గీతను బొంగరం తెచ్చి చూపించిందన్నమాట! ఏ దిక్కుకు పోతున్నదీ, ఎంత జోరుగా తిరుగుతున్నదీ చూపే మరి రెండు పరికరాలకు కూడా బొంగరమే ఆధారం.

రెండవది గాలి బరువు. మనపైన ఉన్న గాలి మనల్ని నొక్కుతూ ఉంటుంది. ఆ ఒత్తిడినే వాతావరణ పీడనం అంటాం. పైకి పోయినకొద్దీ మీద ఉండే గాలి తగ్గుతుంది కాబట్టి పీడనం కూడా తగ్గుతుంది. నేలకు దగ్గరలో సుమారు 27 అడుగులు ఎక్కితే పీడనం 1 హెక్టాపాస్కల్ తగ్గుతుంది. ఎత్తును చూపే ఆల్టీమీటర్ కొలిచేది ఈ పీడనాన్నే. ఎంత త్వరగా ఎక్కుతున్నామో, దిగుతున్నామో చూపే పరికరం కూడా పీడనం మారే జోరునే కొలుస్తుంది. ఇక వేగం. ఎదురుగాలి వైపు నోరు తెరిచి ఉండే గొట్టంలోకి గాలి దూసుకువస్తుంది. ఆ తాకిడిని పక్కనున్న మామూలు పీడనంతో పోలిస్తే వేగం తెలుస్తుంది. 1732లో నదీ ప్రవాహాన్ని కొలవడానికి హెన్రీ పీటో కనిపెట్టిన గొట్టం ఇది.

మొత్తం 6 పరికరాలు. పై వరుసలో వేగం, కృత్రిమ దిగంతం, ఎత్తు. కింది వరుసలో తిరుగుడు, దిక్కు, ఎక్కడం దిగడం. నేటి కొత్త విమానాలలో ఈ ఆరింటినీ ఒకే తెరమీద చూపిస్తున్నారు. తిరిగే చక్రాలకు బదులు మన చేతి ఫోనులో ఉండే రకం చిన్న చిప్పులు వచ్చాయి. అయినా విద్యార్థి నేర్చుకోవలసిన పాఠం మారలేదు.

మబ్బు లేని చోట మబ్బు పాఠం

ఇప్పుడు మీకు ఒక సందేహం రావాలి. కడపలో మబ్బులే తక్కువ గదా! వాన మబ్బు కోసం రైతులు మొగం వాచే సీమలో మబ్బులో నడపడం నేర్చుకునేది ఎలా?

దానికో తేలికైన ఉపాయం ఉంది. విద్యార్థి తలకు ఒక ముసుగు తగిలిస్తారు. బండెద్దు బెదరకుండా కళ్లకు గంతలు కట్టినట్లు అది బయటి దృశ్యాన్ని కప్పేస్తుంది. ఎదురుగా ఉన్న పరికరాలు మాత్రమే కనిపిస్తాయి. బయటికి చూస్తూ కాపలా కాసే పని గురువుది. అలా నడిరోజు వెలుతురులోనే విద్యార్థి మబ్బులోకి పోతాడు.

మన దేశంలో ఈ యోగ్యతకు పరికరాలను చూసి నడిపిన అనుభవం 40 గంటలు కావాలి. అందులో 20 గంటల వరకు నేలమీది అనుకరణ యంత్రంలో చేయవచ్చు. ఇలాంటి యంత్రాన్ని 1929లో తయారుచేసినవాడు ఎడ్విన్ లింక్. ఆయన తండ్రిది ఆర్గన్ వాద్యాలు చేసే కర్మాగారం. హార్మోనియంలో ఉండేవంటి తోలు తిత్తులతో ఒక బొమ్మ విమానాన్ని అటూ ఇటూ వంచే ఏర్పాటు చేశాడు. మొదట చాలామంది దాన్ని సంతలో పిల్లల ఆటబొమ్మగా చూశారు. 1934లో అమెరికా సైన్యం 6 యంత్రాలు కొన్న తర్వాత గాని దాని విలువ లోకానికి తెలియలేదు.

ముసుగు వేసుకున్న మీ పాఠాలు ఇలా సాగుతాయి.

మొదటి మెట్టు: సమంగా పోవడం. వినడానికి తేలిక. కాని ఎత్తు చూస్తుంటే దిక్కు తప్పుతుంది. దిక్కు సరిచేస్తుంటే వేగం పడిపోతుంది. దీనికి మందు చూపును తిప్పడం. కృత్రిమ దిగంతం చక్రానికి ఇరుసు వంటిది. చూపు అక్కడి నుంచి ఎత్తుకు, మళ్లీ ఇరుసుకు, అక్కడి నుంచి దిక్కుకు, మళ్లీ ఇరుసుకు. బండిచక్రం ఆకుల వెంట చీమ పోయి వచ్చినట్లు కన్ను ఆగకుండా తిరగాలి.

రెండవ మెట్టు: కొలత ప్రకారం తిరగడం. సెకండుకు 3 డిగ్రీల చొప్పున తిరగాలి. 360 డిగ్రీలకు ఎంతసేపు? సరిగ్గా 2 నిమిషాలు. గడియారం చూసుకుంటూ చుట్టు పూర్తిచేసి, బయలుదేరిన దిక్కుకే రావాలి.

మూడవ మెట్టు: అందరికీ గుర్తుండిపోయేది. "కళ్లు మూసుకో, తల దించుకో" అంటాడు గురువు. విమానాన్ని ఎటో వంచి, ఎటో తిప్పి, "ఇక నీదే" అని వదిలేస్తాడు. కళ్లు తెరిచేసరికి వేగం పెరిగిపోతూ ఉంటుంది, ఎత్తు తగ్గిపోతూ ఉంటుంది. కాని మీ ఒళ్లు "అంతా బాగానే ఉంది" అంటూ ఉంటుంది! అప్పుడు దండాన్ని వెనక్కి లాగాలని చేతులు తొందరపడతాయి. లాగకూడదు. ముందు ఇంజను జోరు తగ్గించాలి. తర్వాత రెక్కలను సమం చేయాలి. ఆ తర్వాతనే ముక్కు పైకెత్తాలి. 1954 నాటి ఆ 20 మందికి తెలియని వరుస ఇదే.

నాలుగవ మెట్టు: పరికరమే చెడిపోతే? గురువు చల్లగా కృత్రిమ దిగంతం మీద ఒక అట్టముక్క అంటిస్తాడు. మిగిలినవాటితో నడపాలి. అట్ట అంటించినప్పుడు సంగతి తెలుస్తుంది. నిజంగా చెడినప్పుడు ఎవరూ చెప్పరు. బొంగరం జోరు తగ్గి మెల్లగా వాలిపోతుంది, విమానమే ఒరిగినట్లు చూపిస్తుంది. అప్పుడు రచ్చబండ దగ్గర పెద్దలు చేసినట్లే చేయాలి. ఒక్క సాక్షి మాట మీద తీర్పు చెప్పకూడదు. దిగంతం "ఎడమకు ఒరిగావు" అంటున్నది. దిక్కు చూపే ముల్లు కదలడం లేదు. తిరుగుడు చూపేది కూడా సమంగానే ఉంది. అయితే తప్పు చెబుతున్నది దిగంతమే! పరికరాన్ని నమ్మమంటే గుడ్డిగా నమ్మమని కాదు, ఒకదానితో ఒకటి సరిచూసుకుని నమ్మమని అర్థం.

పది అంకెల తేడా

ఒక చిన్న లెక్క చేయండి. ఆల్టీమీటర్ పీడనాన్ని కొలిచి ఎత్తు చెబుతుందని అనుకున్నాం. కాని నేలమీది పీడనం రోజూ ఒకేలా ఉండదు. బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడి నెల్లూరు తీరం దాటితే కడపలో కూడా పీడనం పడిపోతుంది. అందుకే విమానాశ్రయం వారు ఆనాటి పీడనాన్ని రేడియోలో చెబుతారు. పైలట్ ఆ అంకెను ఆల్టీమీటర్‌లో తిప్పి పెట్టుకోవాలి.

అసలు పీడనం 1003 ఉండగా, మీరు పాత అంకె 1013 మార్చకుండా వదిలేశారనుకోండి. తేడా 10. ఒక్కోదానికి 27 అడుగుల చొప్పున 270 అడుగులు. మీరు నిజంగా ఉన్న ఎత్తుకన్నా 270 అడుగులు పైన ఉన్నట్లు ముల్లు చూపిస్తుంది. ఇది ఎంత ప్రమాదమో వచ్చే మెట్టులో చూడండి.

చివరి 200 అడుగులు

ఐదవ మెట్టు దిగడం. శంషాబాద్ వంటి పెద్ద విమానాశ్రయాలలో రన్‌వే చివరి నుంచి రేడియో తరంగాలను పంపుతారు. వాటిలో రెండు స్వరాలు ఉంటాయి. దిగడానికి వచ్చే విమానం ఎడమకు జరిగితే 90 కంపనాల స్వరం హెచ్చుగా, కుడికి జరిగితే 150 కంపనాల స్వరం హెచ్చుగా అందుతుంది. రెండూ సమానంగా ఉంటే సరిగ్గా రన్‌వే గీతమీద ఉన్నట్లు. ఎత్తు సంగతి చెప్పడానికి ఇలాంటిదే మరో జత. చెవితో వినక్కరలేదు, ముల్లు చూస్తే చాలు.

ఆ కనబడని జారుడుబల్ల వాలు సాధారణంగా 3 డిగ్రీలు. ఒక నాటికల్ మైలు, అంటే 1852 మీటర్లు ముందుకు పోయేసరికి సుమారు 97 మీటర్లు దిగాలి. అడుగులలో చెప్పాలంటే సుమారు 318. గంటకు 90 నాటికల్ మైళ్లు పోయే శిక్షణ విమానం నిమిషానికి సుమారు 480 అడుగులు దిగుతుంది. రేడియో స్తంభాలకు బదులు ఉపగ్రహాలు దారి చూపే పద్ధతి కూడా వచ్చింది. మన దేశపు గగన్ వ్యవస్థ సహాయంతో 2022 ఏప్రిల్‌లో కిషన్‌గఢ్‌లో ఒక ప్రయాణికుల విమానం దిగింది.

ముళ్లు రెండూ మధ్యన నిలబెట్టుకుంటూ మీరు దిగుతున్నారు. 1000 అడుగులు. 500. 300. చుట్టూ ఇంకా తెలుపే. మామూలు ఏర్పాటులో నేలకు 200 అడుగుల ఎత్తున ఒక గీత ఉంది. దానికి నిర్ణయపు ఎత్తు అని పేరు. ఆ ఎత్తుకు చేరేసరికి రన్‌వే గాని, దాని దీపాలు గాని కనబడాలి. లేకపోతే ఇంకేమీ ఆలోచించకుండా ఇంజను జోరు పెంచి పైకి లేవాలి. 200 అడుగులంటే ఈ విమానానికి 25 సెకండ్ల ప్రయాణం మాత్రమే. ఇందాకటి 270 అడుగుల పొరపాటును గుర్తుచేసుకోండి. 200 అడుగుల ఎత్తున ఉన్నామని ముల్లు చూపేలోపే నేల వచ్చేస్తుంది!

"ఇంకొక్క 50 అడుగులు దిగితే కనబడుతుందేమో" అని మనసు పీకుతుంది. ఇక్కడే విద్యార్థికి అసలు పరీక్ష. తిరిగి పైకి లేచినవారు ఓడిపోయినట్లు కాదు. గురువు మార్కులు వేసేది దానికే.

నల్లమల జ్ఞాపకం

ఈ మాటలు కడపవారికి కథలు కావు. 2009 సెప్టెంబరు 2న అప్పటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి, కడప జిల్లా పులివెందులకు చెందిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి హైదరాబాదు బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకు హెలికాప్టర్‌లో బయలుదేరారు. కర్నూలు జిల్లా నల్లమల అడవుల మీద హెలికాప్టర్ దట్టమైన వాన మబ్బుల మధ్య కూలిపోయింది. ఆయనతో పాటు ఇద్దరు పైలట్లు, మరి ఇద్దరు మరణించారు.

మబ్బులో నుంచి కిందికి దూసుకువచ్చే బలమైన గాలిలో చిక్కడం వల్ల అదుపు తప్పిందని విచారణ సంఘం తేల్చింది. మరో సంగతి కూడా చెప్పింది. అంతకుముందు 6 నిమిషాలకు పైగా పైలట్ల ధ్యాస నూనె పీడనానికి సంబంధించిన ఒక హెచ్చరిక మీద ఉండిపోయింది. ఇద్దరూ అనుభవజ్ఞులే. కష్టకాలంలో మనిషి చూపు ఒక్కచోట అతుక్కుపోతుంది. అది ఎవరికైనా జరగవచ్చు. చూపును తిప్పుతూ ఉండమని మొదటి మెట్టులో అన్ని గంటలు సాధన చేయించేది అందుకే.

మీరూ చేసి చూడండి

ఆకర్ పరీక్షను మీరూ చేయవచ్చు. గుండ్రంగా తిరిగే కుర్చీలో ఒక మిత్రుణ్ణి కూర్చోబెట్టి, కళ్లకు గుడ్డ కట్టండి. మెల్లగా, ఒకే వేగంతో అర నిమిషం తిప్పండి. ఎటు తిరుగుతున్నదీ బొటనవేలితో చూపించమనండి. తర్వాత మెల్లగా ఆపండి. ఆగిన తర్వాత అతడి వేలు ఎటు చూపుతుందో చూడండి. నవ్వకండి, తర్వాతి వంతు మీదే! తల తిరగడం తగ్గేవరకు కుర్చీలో నుంచి లేవనివ్వకండి. దగ్గర పెద్దవారు ఉండడం మంచిది.

మీలో కొందరు అమ్మాయిలో అబ్బాయిలో రేపు నిజంగానే కడప ఆకాశంలో ఆ ముసుగు వేసుకోవచ్చు. వేసుకోకపోయినా, "నాకు అలా అనిపించింది" అనే మాటకూ, "కొలిచి, సరిచూశాను" అనే మాటకూ ఎంత తేడా ఉందో ఆ కుర్చీ మీకు చెబుతుంది.

ఈసారి మీ ఊరి మీద విమానం మబ్బులో దూరినప్పుడు ఒకటి, రెండు అంటూ లెక్కపెట్టండి. 178 దాటినా కంగారుపడకండి. లోపల ఒకరు ముళ్లను ఒకదానితో ఒకటి సరిచూసుకుంటూ కూర్చుని ఉంటారు. అవతలి వైపు నుంచి విమానం నిటారుగా, పోవలసిన దిక్కుకే పోతూ బయటికి వస్తుంది.